జపాన్‌లో నాలుగైదు ఊళ్లు, అమ్మానాన్నలతో, రైళ్లలో: ప్లాన్ చూసి చెప్పండి

చింతచిగురు:
అందరికీ నమస్కారం. వచ్చే వేసవి సెలవుల్లో జపాన్ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, మా అమ్మానాన్న. మొదట క్రూయిజ్ చూశాం గానీ నాన్న ఒప్పుకోలేదు. "అన్ని రైళ్లున్న దేశానికి వెళ్లి ఓడెక్కడమేమిటి" అన్నారు. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు లెండి. బుల్లెట్ రైలు ఎక్కాలన్నది ఎప్పటి కోరికో.

నాన్నకు షుగర్, మాత్రలతో అదుపులోనే ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పైగా గుడ్డు కూడా ముట్టదు.

ఇప్పటికి కాగితం మీద పెట్టింది ఇదీ: ఏప్రిల్ 25న హైదరాబాద్‌లో బయలుదేరడం. టోక్యో మూడు రాత్రులు, హకోనే ఒకటి, క్యోటో రెండు, నారా ఒకటి, ఒసాకా ఒకటి, హిరోషిమా ఒకటి, మళ్లీ టోక్యో రెండు. మే 7న తిరుగు విమానం.

జేఆర్ పాస్, అదే దేశమంతా జపాన్ రైల్వేస్ రైళ్లెక్కనిచ్చే టూరిస్టు పాస్, కొనాలా వద్దా? అమ్మ తిండి సంగతేంటి? అసలు ఇదంతా మానేసి ప్యాకేజీలో వెళ్లడం మేలా? వెళ్లొచ్చినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

పట్టాలమీద:
మొహమాటం వద్దన్నారు కాబట్టి ముందు తేదీల సంగతి. మీరు ఎంచుకున్నది సరిగ్గా గోల్డెన్ వీక్. ఏప్రిల్ 29, మే 3, 4, 5 అక్కడ జాతీయ సెలవులు. మధ్యలో ఒకటి రెండు రోజులు లీవు పెట్టుకుని దేశం దేశమంతా ఊళ్లు తిరుగుతుంది. మన సంక్రాంతికి విజయవాడ హైవే ఎలా ఉంటుందో అక్కడ క్యోటో స్టేషన్ అలా ఉంటుంది. గది రేట్లు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో నొజోమి, అంటే అన్నిటికన్నా వేగంగా వెళ్లే బుల్లెట్ రైళ్లన్నిటికీ సీటు రిజర్వేషన్ తప్పనిసరి, జనరల్ పెట్టెలే ఉండవు.

మనకు బడి సెలవులు జూన్ దాకా ఉంటాయి కదా. మే 8 తర్వాతకు జరపండి. వాతావరణం హాయిగా ఉంటుంది, జనం పల్చబడతారు. జూన్ మాత్రం వద్దు, మొదటి పక్షం దాటేలోపే టోక్యో వైపు కూడా ముసురు పట్టేస్తుంది.

ఇక రెండోది. మీ కాగితంలో పదకొండు రాత్రులకు ఏడు గదులున్నాయి. అక్కడ హోటల్ ఖాళీ చేయాల్సింది పొద్దున పదికో పదకొండుకో. కొత్త హోటల్లో తాళం ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. గది మారిన ప్రతిసారీ ఆ మధ్యలోని సమయమంతా సామాను చుట్టూనే తిరుగుతుంది. పెద్దవాళ్లకు అలసట వచ్చేది గుళ్లు చూడ్డం వల్ల రాదండీ, ఈ మార్పిళ్ల వల్ల వస్తుంది. మూడు గదులకు తగ్గించండి. మిగతా ఊళ్లు అక్కణ్ణుంచే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

టోక్యో_తెలుగు:
పై మాటకు నా ఓటు. ఇంకొకటి కలుపుతాను. చివర్లో మళ్లీ టోక్యో ఎందుకు? టోక్యోలో దిగి, ఒసాకా దగ్గరి కాన్సాయ్ విమానాశ్రయం నుంచి ఎక్కేలా టికెట్ తీసుకోండి. బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్ మీదుగా వచ్చే విమానాలు రెండు చోట్లకీ ఉంటాయి. వెనక్కి రావడానికి మనిషికి 14 వేల యెన్లు, సగం రోజు మిగులుతాయి.

టోక్యోలో దిగేటప్పుడు హనేదా దొరికితే హనేదా. నరిటా ఊరికి అరవై కిలోమీటర్ల పైనే ఉంది.

ఓరుగల్లు_కోట:
అందరూ తలో మాట చెప్తున్నారు గానీ, డెబ్బై ఏళ్లవాళ్లను వెంటేసుకుని ఈ రైళ్లు మారే తలనొప్పి ఎందుకన్నా? ప్యాకేజీ తీసుకుంటే బస్సు హోటల్ గుమ్మం ముందే ఆగుతుంది, మూడు పూటలా మన భోజనం పెడతారు, వీసా కాగితాలు కూడా వాళ్లే చూసుకుంటారు. మా అత్తమామలు అట్లనే వెళ్లొచ్చారు, హాయిగా ఉందన్నారు.

గోదారి_గట్టు:
ఓరుగల్లు గారు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. భాష రాదు, మనతో గట్టిగా నడవగలిగినవాళ్లు లేరు అనుకుంటే ప్యాకేజీయే నయం. మేమూ ఓసారి అలాగే వెళ్లాం. కాకపోతే ఏమవుతుందంటే, పొద్దున ఏడున్నరకే నలభై మందీ బస్సులో ఉండాలి. మధ్యాహ్నం ఎక్కడున్నా సరే, అక్కణ్ణుంచి ఇండియన్ హోటల్‌కు ముప్పావుగంట వెనక్కి తోలుకెళ్తారు. పప్పు, పనీరు, జీరా రైసు. రోజూ అదే. క్యోటోలో బస్సు దిగి గుడి చూసింది తక్కువ, గుడి దారిలో మా గుంపును లెక్కపెట్టుకుంటూ నిలబడింది ఎక్కువ.

చింతచిగురు గారి నాన్నగారికి కావాల్సింది రైలు. చాలా ప్యాకేజీల్లో బుల్లెట్ రైలు అంటే ఒక చిన్న ముక్క, ఎక్కిన అరగంటకే దించేస్తారు. బస్సు మాత్రం సామాను పట్టుకుని వెనకాలే వస్తుంది.

చింతచిగురు:
బాబోయ్, గోల్డెన్ వీక్ సంగతి తెలియనే తెలియదు. మే 9కి జరుపుతున్నాం. గోదారి గారు చెప్పిన ముక్క నాన్నకు చదివి వినిపించాను. "అరగంటకే దించితే నేను దిగను" అన్నారు. కాబట్టి ప్యాకేజీ లేదు.

మరి జేఆర్ పాస్? మా ఆఫీసులో అందరూ "జపాన్ అంటే పాస్ కొనాల్సిందే" అంటున్నారు.

పట్టాలమీద:
అది పాత లెక్క. ఏడు రోజుల పాస్ 2023 అక్టోబరు దాకా 29,650 యెన్లు. అప్పుడు నిజంగా లాభమే. ఆ నెలలోనే ఒక్కసారిగా 50,000 చేశారు. ఇప్పుడు మీ లెక్క చూద్దాం. టోక్యో నుంచి క్యోటోకు నొజోమిలో దాదాపు 14 వేలు. ఒసాకా నుంచి హిరోషిమా వెళ్లి రావడానికి దాదాపు 21 వేలు. మొత్తం 35 వేలు. పాస్ తీసుకుంటే పెద్దలకు తలా 15 వేలు దండగ. పాపకు రెండూ సగమే కాబట్టి లెక్క మారదు. పైగా ఆ పాస్‌తో నొజోమి ఎక్కాలంటే మళ్లీ అదనంగా కట్టాలి.

ఒసాకాలో మకాం పెట్టి హిరోషిమా చూసేట్టయితే కాన్సాయ్-హిరోషిమా పాస్ అని ఇంకొకటుంది. ఐదు రోజులకు 17 వేల ప్రాంతం. షిన్-ఒసాకా (ఒసాకాలో బుల్లెట్ రైలు ఆగే స్టేషన్), హిరోషిమా మధ్య నొజోమి కూడా ఎక్కనిస్తుంది, హిరోషిమా దగ్గరి మియాజిమా దీవికి వెళ్లే జేఆర్ పడవ కూడా అందులోనే. కానీ చూసుకోండి, క్యోటో నుంచి షిన్-ఒసాకా దాకా ఉన్న బుల్లెట్ రైలు ముక్కకు అది చెల్లదు. ఆ ముక్క వేరే కంపెనీది. క్యోటో నుంచి ఒసాకాకు మామూలు ఫాస్ట్ రైలు అరగంటలో తీసుకెళ్తుంది, ఆరేడు వందల యెన్లలోపే.

బెజవాడ_బండి:
పాస్ ఉంటే ఏ రైలైనా ఎక్కేయొచ్చు, టెన్షన్ ఉండదు కదా. ప్రతిసారీ టికెట్ కొనడం, మిషన్ దగ్గర నిలబడడం...

పట్టాలమీద:
పొడుగు రైళ్లు మీకు రెండో మూడో. వాటిని ఫోన్‌లోనే ముందుగా బుక్ చేసుకోవచ్చు. ఊళ్లో తిరగడానికి సుయికా గానీ, ఇకోకా గానీ కార్డు ఉంటే చాలు. గేటు మీద ఆనించడం, వెళ్లిపోవడం. ఒక ఊళ్లో తీసుకున్నది ఇంకో ఊళ్లోనూ పనిచేస్తుంది, దుకాణాల్లో మంచినీళ్ల సీసాకు కూడా. పాప కార్డు మాత్రం పాస్‌పోర్టు చూపించి పిల్లల కార్డు అని అడిగి తీసుకోండి, సగం ఛార్జీ పడుతుంది.

టోక్యో నుంచి క్యోటో వెళ్లేటప్పుడు నాన్నగారికి ఈ (E) సీటు తీసుకోండి. వరుసలో ఏ, బీ, సీ ఒకవైపు, డీ, ఈ ఇంకోవైపు. E సీటు కిటికీ ఫుజీ కొండ వైపు ఉంటుంది. బయలుదేరిన ముప్పావుగంటకు కుడివైపు చూడమనండి. మేలో మబ్బు కమ్మేసే రోజులూ ఉంటాయి, కాబట్టి మాటివ్వకండి. ఆ లైను 1964 అక్టోబరు 1న మొదలైంది. అప్పట్లో టోక్యో నుంచి షిన్-ఒసాకాకు నాలుగు గంటలు, ఇప్పుడు దాదాపు రెండున్నర గంటలు. దేశంలో మిగతా జేఆర్ రైళ్లు ఎక్కువగా 1,067 మిల్లీమీటర్ల గేజు మీద నడిస్తే, దీనికోసం 1,435 గేజుతో కొత్త లైనే వేశారు. మీ నాన్నగారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి.

క్యోటోలో ఒక పూట రైల్వే మ్యూజియానికి ఇవ్వండి. ఉమెకోజి దగ్గర 1914 నాటి పాత లోకో షెడ్డుంది, గుండ్రంగా, మధ్యలో టర్న్‌టేబుల్. చుట్టూ ఆవిరి ఇంజన్లు ముక్కులు బయటపెట్టుకుని నిలబడి ఉంటాయి. అందులో కొన్ని ఇప్పటికీ నడుస్తాయి. గుడి ఒకటి తగ్గినా పర్వాలేదు.

చింతచిగురు:
నాన్న ఈ పోస్టును ఫోన్‌లో దాచుకున్నారు.

టోక్యో_తెలుగు:
అమ్మగారి తిండి గురించి ఎవరూ చెప్పలేదు, అసలు కష్టం అక్కడే. ఇక్కడ "మాంసం లేదు" అంటే చేప లేదని కాదు. దాషి అని ఒక చారు నీళ్లుంటాయి. ఎండబెట్టిన చేపను సన్నగా చిత్రిక పట్టినట్టు గీసి, ఆ పొట్టుతో కాస్తారు. మిసో సూప్‌లో అదే, ఉడాన్ అనే లావు నూడుల్స్ చారులో అదే, చూడ్డానికి వట్టి పాలకూరలా ఉన్న గిన్నెలోనూ అదే. వెయిటర్‌ను అడిగితే మాంసం లేదనే చెప్తాడు. అబద్ధం కాదు, అతని లెక్కలో దాషి మాంసం కాదు. కాబట్టి "చేప చారు కూడా వద్దు" అని జపనీస్‌లో రాయించిన కాగితం ఒకటి చేతిలో ఉంచుకోండి.

క్యోటోలో షోజిన్ రియోరి అని బౌద్ధ మఠాల వంట దొరుకుతుంది. టోఫు, నువ్వులు, కూరలు, సముద్రపు నాచుతో కాచిన చారు. ఇందులో చేప ఉండదు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయకపోవడం ఆనవాయితీ. ఖరీదు ఎక్కువే, ముందే టేబుల్ చెప్పుకోవాలి, ఒక్కపూటకు బాగుంటుంది. టోక్యోలో ఐతే బెంగ లేదు. ఒకాచిమాచి, గింజా వైపు ఆంధ్ర భోజనం పెట్టే హోటళ్లున్నాయి. నిషికసాయ్‌లో మనవాళ్లు చాలామంది ఉంటారు, పప్పులు, పిండీ అన్నీ దొరుకుతాయి.

మిగతా రోజులకు నా సలహా వినండి. సెవెన్ ఎలెవెన్‌లోనో లాసన్‌లోనో వండిన తెల్లన్నం చిన్న డబ్బాల్లో అమ్ముతారు. ఒవెన్‌లో రెండు నిమిషాలు. హోటల్ గదిలో లేకపోయినా వరండాలో మైక్రోవేవ్ ఉంటుంది చాలాచోట్ల. కందిపొడి, నెయ్యి, పెరుగు ఉంటే అమ్మగారి రాత్రి భోజనం అయిపోయినట్టే. పెరుగు కొనేటప్పుడు చక్కెర లేనిది చూసుకోండి. దారిలో ఆకలేస్తే ఉమెబోషి ఒనిగిరి, అంటే ఉప్పులో ఊరేసిన ఉమే అనే పుల్లటి కాయ పెట్టిన అన్నం ముద్ద. అట్ట మీద ఏమేం కలిపారో ఫోన్‌తో తర్జుమా చేసి చూడండి, కొన్నిటిలో చేప సారం కలుపుతారు. ఆ పులుపు మన ఉసిరికాయ పచ్చడి తిన్నవాళ్లకు కొత్తగా ఏమీ ఉండదు.

బెజవాడ_బండి:
పచ్చళ్లు తీసుకెళ్లొచ్చా? మా ఇంట్లో చికెన్ పచ్చడి లేకుండా కదలరు.

టోక్యో_తెలుగు:
చికెన్ పచ్చడి, గోంగూర మటన్ రెండూ ఇంట్లోనే వదిలేయండి. మాంసంతో చేసింది ఏదైనా, వండిందైనా ఊరేసిందైనా, తనిఖీ సర్టిఫికెట్ లేకుండా జపాన్‌లోకి రానివ్వరు. కొద్దిగానే ఉంది, మా సొంతానికే అంటే ఒప్పుకోరు. కుక్కలు వాసన చూసి బ్యాగు పక్కన కూర్చుంటాయి. జరిమానా, జైలు కూడా చట్టంలో ఉన్నాయి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలు కూడా వద్దు.

నల్లమల:
నాన్నగారి మందుల గురించి ఒక మాట. డాక్టర్ రాసిన మామూలు మాత్రలు నెల రోజులకు సరిపడా ఐతే సొంతానికి తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే ముందుగా అక్కడి నుంచి అనుమతి కాగితం తెప్పించుకోవాలి. మీకు ఆ అవసరం రాదు. చీటీ ఇంగ్లిష్‌లో, మందుల అసలు పేర్లతో రాయించుకోండి. జలుబు మాత్రలతోనే జాగ్రత్త. సూడోఎఫిడ్రిన్ పది శాతం మించి ఉన్నవి అక్కడ నిషేధం. మన ఇళ్లలో డబ్బాలో పడి ఉండే జలుబు మాత్రల్లో కొన్నిటిలో అది ఉంటుంది. కోడీన్ ఉన్న దగ్గు మందూ అంతే, దానికి వేరే రూల్స్ ఉన్నాయి, తీసుకెళ్లకపోవడమే మంచిది.

మోకాళ్లకు: ప్రతి స్టేషన్‌లోనూ దాదాపు లిఫ్ట్ ఉంటుంది, కానీ మీరు దిగిన చోటికి అవతలి కొసలో ఉంటుంది. టోక్యో, షింజుకు లాంటి స్టేషన్లలో లోపల నడకే ఒక కిలోమీటరు ఐపోతుంది. హోటల్ బుక్ చేసేముందు స్టేషన్ దగ్గర అని చూసి ఊరుకోకండి, ఏ గేటు దగ్గరో, ఆ గేటుకు లిఫ్ట్ ఉందో లేదో చూడండి. మా అమ్మకు మోకాలి పట్టీ కన్నా ఈ ఒక్క జాగ్రత్తే ఎక్కువ పనిచేసింది.

గోదారి_గట్టు:
గదుల సైజు కూడా ఎవరైనా చెప్పండి ఆమెకు. మామూలు హోటల్ గది నూట ముప్పై నూట అరవై చదరపు అడుగులుంటుంది. రెండు పెద్ద సూట్‌కేసులు తెరిస్తే మంచం మీంచి నడవాలి. టాయిలెట్ మాత్రం మనవాళ్లకు పండగే, నీళ్ల ఏర్పాటు అన్నిచోట్లా ఉంటుంది, గోరువెచ్చగా కూడా.

చింతచిగురు:
సామాను ఎలా మోయాలో అదే భయంగా ఉంది. ఐదుగురికి నాలుగు పెద్ద పెట్టెలవుతాయి.

పట్టాలమీద:
మోయకండి. తక్యూబిన్ అని హోటల్ నుంచి హోటల్‌కు పెట్టెలు పంపే ఏర్పాటుంది. రిసెప్షన్‌లో ఫారం ఇస్తారు, అవతలి హోటల్ చిరునామా రాస్తే మర్నాటికి చేరుతుంది. పెట్టెకు సైజును బట్టి రెండు మూడు వేల యెన్లు. ఆ ఒక్క రాత్రికి బట్టలు, మందులు, కందిపొడి చిన్న సంచిలో పెట్టుకుంటే చాలు.

పెట్టెలు వెంట తీసుకెళ్లేట్టయితే కొలవండి. పొడవు, వెడల్పు, మందం కలిపి 160 సెంటీమీటర్లు దాటితే టోక్యో-క్యోటో బుల్లెట్ రైల్లో వెనక చోటున్న సీటును ముందే బుక్ చేసుకోవాలి. దానికి డబ్బు అదనంగా పడదు, చెప్పకుండా ఎక్కితే వెయ్యి యెన్లు కట్టిస్తారు.

ఓరుగల్లు_కోట:
సరే, ప్యాకేజీ మాట వదిలేస్తున్నా. కానీ హిరోషిమా అవసరమా? తొమ్మిదేళ్ల పిల్లకు ఆ అణుబాంబు మ్యూజియం చూపించి భయపెట్టడం ఎందుకు? దాని బదులు ఒసాకాలో యూనివర్సల్ స్టూడియోస్‌కు తీసుకెళ్లండి.

నల్లమల:
మ్యూజియంలో కొన్ని గదులు పెద్దవాళ్లే తట్టుకోలేరు, ఆ మాట నిజం. కాలిపోయిన పిల్లల బట్టలు, ఎనిమిదింబావు దగ్గర ఆగిపోయిన చేతిగడియారం. మేం వంతులేసుకున్నాం. ఒకరు లోపలికి వెళ్తే ఒకరు పిల్లలతో బయట పార్కులో. పార్కులో పిల్లల స్మారకం ఉంది, సదాకో ససాకి పేరు మీద మొదలైంది. బాంబు పడ్డప్పుడు రెండేళ్ల పిల్ల, పన్నెండేళ్లకు 1955లో లుకేమియాతో పోయింది. ఆసుపత్రిలో కాగితం కొంగలు మడిచేది. ఇప్పటికీ బళ్లనుంచి పిల్లలు మడిచి పంపిన కొంగల దండలు అక్కడ అద్దాల వెనక వేలాడుతుంటాయి. మా వాడు హోటల్‌కు వచ్చి రశీదు కాగితాలతో మడవడం మొదలెట్టాడు. పిల్లలకు అంతవరకు చాలు. మధ్యాహ్నం మియాజిమాకు పడవలో వెళ్లండి, పదినిమిషాలే. సముద్రంలో నిలబడ్డ ఎర్ర ద్వారం పోటు సమయంలో చూస్తేనే నీళ్లలో ఉంటుంది, ఆటు ఐతే బురదలో నడిచి కింద దాకా వెళ్లొచ్చు. పోటు వేళలు ముందే చూసుకోండి.

గోదారి_గట్టు:
నారా సగం రోజు చాలు, గది అక్కర్లేదు. క్యోటో నుంచి ముప్పావుగంట. అక్కడి తోదాయ్‌జీ గుడిలోని పెద్ద బుద్ధుడు దాదాపు పదిహేను మీటర్లు. క్రీ.శ. 752లో ఆ విగ్రహానికి కళ్లు దిద్దే వేడుక చేసింది బోధిసేనుడని దక్షిణ భారతం నుంచి చైనా మీదుగా వెళ్లిన భిక్షువు. ఆ రోజుల్లో విమానమూ లేదు, పాసూ లేదు. ఇంకో సంగతి, క్యోటోలోని నిషి హొంగాన్‌జీ అనే బౌద్ధ గుడి వాళ్ల శాఖలో ఏడుగురు గురువులను కొలుస్తారు. అందులో మొదటివాడు ర్యూజు, అంటే మన ఆచార్య నాగార్జునుడు. నాగార్జునకొండ చూసి వచ్చినవాళ్లకు ఆ గుళ్లో ఓ పది నిమిషాలు నిలబడాలనిపిస్తుంది. ప్రవేశ రుసుము లేదు, క్యోటో స్టేషన్ నుంచి దగ్గరే.

నారాలో జింకల బిస్కెట్లు కొంటే గబగబా పెట్టేయండి. చేతిలో దాచారని తెలిస్తే చున్నీ కూడా వదలవు.

చింతచిగురు:
మళ్లీ రాశాను, చూడండి. మే 9న బయలుదేరి 10న హనేదా. టోక్యో నాలుగు రాత్రులు, క్యోటో నాలుగు (అక్కణ్ణుంచి ఓ రోజు నారా, ఓ పూట రైల్వే మ్యూజియం), ఒసాకా మూడు (అక్కణ్ణుంచి ఓ రోజు హిరోషిమా). కాన్సాయ్ నుంచి తిరుగు విమానం. హకోనే తీసేశాం, ఫుజీ కనిపిస్తే రైల్లోంచే. జేఆర్ పాస్ లేదు. వీసాకు రోజువారీ షెడ్యూల్ అడుగుతారట కదా, గదులు ముందే బుక్ చేయాలా?

టోక్యో_తెలుగు:
ఇప్పుడు కుదిరింది. షెడ్యూల్‌లో తేదీ వారీగా ఎక్కడుంటారో, హోటల్ పేరు, ఫోన్ నంబరుతో రాయాలి. డబ్బు పోకుండా రద్దు చేసుకునే గదులు ఇప్పుడే పట్టుకోండి, వీసా వచ్చాక కావాలంటే మార్చుకోవచ్చు. క్యోటోలో వసతి పన్ను 2026 మార్చి నుంచి పెరిగింది, చాలా హోటళ్లు దాన్ని కౌంటర్ దగ్గర విడిగా తీసుకుంటాయి.

క్యోటోలో బస్సులు కిక్కిరిసి ఉంటాయి, అమ్మగారికి నిలబడే కష్టం. సబ్‌వే, రైలు దగ్గర్లో ఉన్నవాటికి అలా వెళ్లి, కియోమిజు గుడికి మాత్రం ట్యాక్సీ చేసుకోండి. పైకి ఎక్కుడు దారి. ట్యాక్సీలో నలుగురే పడతారు, మీరు ఐదుగురు కాబట్టి రెండు పిలవాలి.

బెజవాడ_బండి:
ఫుషిమి ఇనారి ఎర్ర ద్వారాలు కొండ పైదాకా ఎక్కాలా? మా అమ్మకూ మోకాళ్లే.

గోదారి_గట్టు:
అక్కర్లేదండీ. ఫొటోల్లో కనిపించే దట్టమైన వరుస కిందే మొదలవుతుంది, మెట్లు తక్కువ. టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. పొద్దున ఆరున్నరకల్లా వెళ్తే టూరు బస్సులు రాకముందే చూసి, ఎనిమిదింటికి టిఫిన్‌కు వచ్చేయొచ్చు. స్టేషన్ గుడి గుమ్మం ఎదురుగానే.

చింతచిగురు:
రైలు టికెట్లు ఎన్నాళ్ల ముందు దొరుకుతాయి? నాన్న రోజూ అడుగుతున్నారు.

పట్టాలమీద:
స్టేషన్ కౌంటర్లో సరిగ్గా నెల ముందు అదే తేదీ పొద్దున పదింటికి తెరుస్తారు. స్మార్ట్ఈఎక్స్ యాప్‌లో ఐతే టోక్యో-క్యోటో నొజోమి అంతకంటే చాలా ముందే పెట్టుకోవచ్చు. గోల్డెన్ వీక్ దాటాక వెళ్తున్నారు కాబట్టి సీట్లకు కరువుండదు, కిటికీ పక్కన E సీటు కావాలంటే మాత్రం ఆలస్యం చేయకండి. నాన్నగారికి కిటికీ ఇస్తే పక్కన డీ పాపకు. మిగిలిన ముగ్గురికి అదే వరుసలో ఏ, బీ, సీ తీసుకుంటే ఐదుగురూ ఒకే వరుసలో ఉంటారు.